సందేహాలు – సమాధానాలు: ‘కు’ ఉంటే 80, లేకపోతే 40

సందేహం: ఇంటర్ భౌతికశాస్త్రం లెక్క ఇలా ఉంది: “200 చుట్లున్న తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం 0.1 సెకనులో 0.06 వెబర్ల నుంచి 0.02 వెబర్లకు తగ్గింది. ప్రేరిత విద్యుచ్ఛాలక బలం ఎంత?” మా అబ్బాయి నోట్సులో “0.02 వెబర్లు తగ్గింది” అని ఎక్కించుకున్నాడు. జవాబు సగమే వచ్చింది. ఒక్క ‘కు’ పోతే అంత తేడా వస్తుందా?

సమాధానం: వస్తుంది. తగ్గు, పెరుగు, మారు అనే క్రియల దగ్గర ‘కు’ చేరిన అంకె తుది విలువ. ‘కు’ లేని అంకె తేడా. టమాటా కిలో నలభైకి తగ్గిందంటే సంచీ పట్టుకుని బయల్దేరతాం. నలభై తగ్గిందంటే ముందు ఎంత ఉండేదని అడుగుతాం. మీ లెక్కలో మార్పు 0.06 − 0.02 = 0.04 వెబర్లు. 200 × 0.04 ÷ 0.1 = 80 వోల్టులు. ‘కు’ జారిపోతే 0.02నే మార్పుగా వేస్తారు, 40 వోల్టులు వస్తుంది.

ఇది ఎక్కువగా జరిగేది యూనిట్‌ను పొట్టి గుర్తుతో రాసుకునేటప్పుడు. గుర్తుకు ప్రత్యయం అతకదు కనుక పిల్లలు దాన్ని మింగేస్తారు. లెక్క మొదలుపెట్టే ముందు తొలి విలువ, తుది విలువ అని రెండు వరుసలు రాసుకోమనండి. ‘కు’ కనిపిస్తే దాని జోడు ‘నుంచి’ ఎక్కడుందో వెతకాలి. ఒక్కోసారి ఈ రెండూ మాటల్లో దాక్కుంటాయి: ‘బయలుదేరి’ అంటే సున్నా నుంచి, ‘ఆగింది’ అంటే సున్నాకు. 20 మీ/సె వేగంతో పోయే కారు 4 సెకన్లలో ఆగిందంటే త్వరణం −5 మీ/సె². ఋణ గుర్తును విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. తుది విలువలోంచి తొలి విలువ తీసేస్తే అదే వస్తుంది.

‘లో’ దగ్గర ఇంకో చిక్కుంది. (‘కు’, ‘లో’ రెండూ మన సంప్రదాయ వ్యాకరణంలో షష్ఠీ ప్రత్యయాలే, లెక్కల్లో మాత్రం వేరు కాపురం.) ఎత్తు నుంచి రాయిని జారవిడిచారు, గురుత్వ త్వరణం 10 మీ/సె² అనుకుందాం. ‘మూడు సెకన్లలో’ అది పడే దూరం 45 మీటర్లు. ‘మూడో సెకనులో’ పడేది 25 మీటర్లే, అంటే మూడు సెకన్ల 45లోంచి రెండు సెకన్ల 20 తీసేయగా మిగిలింది. మూడో సెకను 2 దగ్గర మొదలై 3 దగ్గర ముగుస్తుంది. దాన్ని 3 నుంచి 4 వరకు అనుకున్నవారికి 35 వస్తుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే, సూత్రం తెలియక కాదు. ‘మూడు సెకన్ల తర్వాత’ అంటే మాత్రం దూరం సంగతి కాదు, ఆ క్షణంలో వేగం సంగతి: 30 మీ/సె.

‘ఓ’ అన్న ఒక్క అచ్చు సంఖ్యావాచకాన్ని క్రమవాచకం చేసేస్తుంది. అచ్చులో అది చిన్నది, అందుకే కంటికి ఆనదు. ప్రశ్నను పైకి చదివితే చెవికి తప్పకుండా తగులుతుంది.

ఇక మీరు అడగకపోయినా ‘రెట్లు’ గురించి ఒక మాట. “2 ఆంపియర్ల విద్యుత్ ప్రవాహం మూడు రెట్లు పెరిగింది” అంటే 6 ఆంపియర్లా, 8 ఆంపియర్లా? వాడుకలో 6 అనే అర్థమే ఎక్కువ, కానీ పట్టుబట్టి 8 అనేవారూ ఉన్నారు. నిరోధం మారకపోతే తీగలో పుట్టే ఉష్ణం ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది కాబట్టి మొదటి అర్థంలో అది 9 రెట్లు, రెండో అర్థంలో 16 రెట్లు అవుతుంది. ఇది విద్యార్థి తప్పు కాదు, ప్రశ్న రాసినవారి బద్ధకం. ‘మూడు రెట్లయింది’ అని రాస్తే గొడవే లేదు. ‘రెట్టింపయింది’తో ఎప్పుడూ పేచీ రాదు.