మూడు నెలలుగా ఆకురాయి తప్ప ఇంకేమీ నేర్పలేదు, మానిపించమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఫిట్టర్ ట్రేడ్‌లో చేరి మూడు నెలలైంది. ఇప్పటిదాకా ఒక ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో (ఫైల్‌తో) రుద్దించడమే తప్ప వేరే ఏమీ నేర్పలేదు. చేతులు బొబ్బలెక్కాయి. ఎంత రుద్దినా ముక్క చదునుగా రావడం లేదని వాడు డీలా పడిపోయాడు. పన్నెండు ఫైళ్ల సెట్ కొనిస్తే బాగా వస్తుందంటున్నాడు. అంతా సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు) అయిపోయిన రోజుల్లో ఈ రుద్దుడెందుకు? మానిపించి సీఎన్‌సీ షార్ట్ కోర్సులో చేర్పించమంటారా? ఏది మేలో పోల్చి చెప్పండి. (ఒక తండ్రి)

జవాబు: ఏటా కొత్త బ్యాచ్ మూడో నెలలో పడగానే ఇలాంటి ఉత్తరాలు మొదలవుతాయి. మీరు సీఎన్‌సీ గురించి అడిగారు గానీ మీ బెంగ వేరే అనిపిస్తోంది. ‘మా వాడు కంప్యూటర్ మెషీన్ మీద చేస్తున్నాడు’ అని నలుగురిలో చెప్పుకోవడం తేలిక. ‘ఆకురాయి పట్టాడు’ అని చెప్పాలంటే నోరు రాదు. నేను అర్థం చేసుకోగలను. కానీ ‘రుద్దుడు’ అని ఉత్తరంలో రాశారే, ఇంట్లో వాడి ముందు కూడా అదే మాట వాడుతున్నారా? వాడుతుంటే ఇవాళే ఆపండి. వాడు డీలా పడటంలో బొబ్బల వాటా కన్నా ఆ మాట వాటాయే ఎక్కువని నా అనుమానం.

ముందు ముక్క సంగతి చూద్దాం. ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు నేనూ వైస్ ముందు నిలబడ్డవాణ్నే. ట్రై స్క్వేర్ (లంబకోణం సరిచూసే పనిముట్టు) అంచును ముక్క మీద నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడమనండి. నడుమ ఆనుకుని, రెండు చివర్లా సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. నూటికి తొంభై మందికి మొదట్లో ఇలాగే నడుమ ఉబ్బుతుంది. కారణం ఫైల్ కాదు, చేతులు. ఫైల్‌ను తోయడం మొదలుపెట్టినప్పుడు దాని పొడవంతా పిడివైపే ఉంటుంది. అక్కడ కుడిచేయి గట్టిగా నొక్కితే ముక్క దగ్గరి అంచు అరుగుతుంది. తోపు చివరికి వచ్చేసరికి పొడవంతా అవతలికి పోతుంది, ఈసారి కొనమీది ఎడమచేయి బరువుకు అవతలి అంచు అరుగుతుంది. తూగుబల్లలా ఊగుతుందన్నమాట. అందుకే మొదట్లో బరువు ఎడమచేతిలో, నడుమకు వచ్చేసరికి రెండింటిలో సమానంగా, చివర కుడిచేతిలో ఉండాలి. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ మూడు నెలలూ అందుకే పోయాయి, వృథాగా కాదు.

వైస్ ఎత్తు కూడా చూసుకోమనండి. నిటారుగా నిలబడితే ముక్క మోచేతి ఎత్తులో ఉండాలి. ఫైల్ ముందుకు పోయేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు కూడా నొక్కితే పళ్లు మొద్దుబారతాయి, బొబ్బలు అదనం. అరగదీసిన చోటును వేళ్లతో తడిమి చూసుకునే అలవాటు ఉంటే మానాలి. చేతి జిడ్డు అంటితే తర్వాతి తోపులో ఫైల్ కోయకుండా జారుతుంది.

ఇక పన్నెండు ఫైళ్ల సెట్. కొనకండి. మూడు చాలు: చదునుగా ఉండే బాస్టర్డ్ ఫైల్ ఒకటి, సెకండ్ కట్ ఒకటి, స్మూత్ ఒకటి. (మొదటిదాని పేరు విని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, పేరే అది.) ఎక్కువ లోహం తీయడానికి మొదటిది, గీత దగ్గరికి వచ్చాక రెండోది, చివరి నునుపుకు మూడోది. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది: పేరు ఒకటే అయినా పొడవు పెరిగేకొద్దీ పళ్లు ముతకగా ఉంటాయి. 150 మిల్లీమీటర్ల బాస్టర్డ్, 300 మిల్లీమీటర్ల బాస్టర్డ్ ఒకేలా కోయవు. పొడవంటే పిడిలోకి దిగే తోకను వదిలేసి కొలిచేది. ఒక పక్క పళ్లు లేని ఫైల్ దొరికితే అదే తీసుకోండి, మూలల్లో అరగదీసేటప్పుడు పక్క గోడ కోసుకుపోకుండా కాపాడుతుంది. గుండ్రటిది, అర్ధచంద్రం ఆకారంలోది, మూడు పలకలది అవసరం వచ్చినప్పుడు కొనొచ్చు.

కొత్త ఫైల్‌ను ముందు ఇత్తడి మీద వాడి, పదును కాస్త తగ్గాక ఉక్కుకు మార్చమనండి. అరిగిన ఫైల్ ఇత్తడి మీద పట్టు లేక జారిపోతుంది. నునుపు చేసేముందు స్మూత్ ఫైల్ పళ్లకు సుద్దముక్క రాస్తే రజను ఇరుక్కోదు. ఒక్క రేణువు ఇరుక్కున్నా సరే, గంట కష్టం మీద అడ్డంగా లోతైన గీత పడుతుంది. ఇరుక్కుంటే వైర్ బ్రష్‌తో పళ్ల వరస వెంబడే తోమాలి.

మీరడిగిన సీఎన్‌సీకి వస్తాను. దాని మీద నాకు చిన్నచూపు లేదు, నా అనుమానాలన్నీ ఆ షార్ట్ కోర్సుల మీదే. ఒకప్పుడు నేనే ఓ కుర్రాణ్ని అలాంటి కోర్సుకు పంపాను. స్క్రీన్ మీద ప్రోగ్రామ్ నడపడం బాగానే వచ్చింది. ఉద్యోగంలో మాత్రం ఏడాదంతా ముక్క పెట్టడం, తలుపు మూయడం, బటన్ నొక్కడం, ముక్క తీయడం. అలా పెట్టి తీసే పనికి ఇప్పుడు రోబో చేతులే వచ్చేశాయి. మెషీన్ తప్పు కోసినప్పుడు ఎందుకు కోసిందో వాడికి తెలియలేదు. వైస్ దవడ కింద ఇరుక్కున్న చిన్న రజను ముక్క ఎత్తిపెట్టిందని పాత ఫిట్టర్ ఒకాయన వేలితో తడిమి చెప్పాడట. ఆ సలహా ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది.

అలాగని ఆకురాయి ఒక్కటే వచ్చినవాడికి ఉద్యోగం దొరుకుతుందని చెప్పను, దొరకదు. ఫిట్టర్ పూర్తిచేసి సీఎన్‌సీ నేర్చుకున్నవాడికి సెట్టింగ్ వైపు, అచ్చులు చేసే టూల్‌రూమ్ వైపు, మెయింటెనెన్స్ వైపు దారులుంటాయి. మెషీన్ మీంచి దిగిన ముక్క అంచుల్లో మిగిలే బర్ర్ (పదునైన లోహపు పొలుసు) తీయడానికి, రెండు భాగాలు సందు లేకుండా అమరేలా చేయడానికి ఇప్పటికీ మనిషి చెయ్యే కావాలి. అందుకని ముందు ఇది, తర్వాత అది. వరస తిప్పడం సాధ్యమే గానీ, ఇరవై రెండేళ్లు దాటాక వైస్ ముందు నిలబడటానికి చాలామందికి మనసొప్పదు.

టెన్షన్ పడకండి. ఈ నెలాఖరున ముక్కను ఇంటికి తెచ్చి చూపించమనండి. ట్రై స్క్వేర్ పెట్టి వెలుతురులో మీరూ చూడండి. సందు కనిపించినా ఏమీ అనకండి. వాడి ఫైల్‌కు పిడి మాత్రం గట్టిగా ఉందో లేదో చూడండి. పిడి ఊడితే ఆ మొనదేలిన తోక నేరుగా అరచేతిలో దిగుతుంది. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ముందు దానికి పెట్టండి.