కోట చూడ్డానికి యాప్ లోన్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. మహారాష్ట్ర తీరంలో, సముద్రంలోని దీవి మీద ఉన్న సింధుదుర్గ్ కోట చూడాలని ఏడాదిగా అడుగుతున్నాడు. డిసెంబరులో అమ్మ, ఇద్దరు పిల్లలతో కలిసి ఐదుగురం వెళ్దామనుకుంటున్నాం. అన్నీ కలిపి 70 వేలు, అందులో విమానాలకీ, రిసార్టుకే 58 వేలు. నా జీతం 52 వేలు, ఇంటి అద్దె, బైక్ ఈఎంఐతో సహా ఖర్చు 40 వేలు. ఆ బైక్ ఈఎంఐ 4,100 ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. బ్యాంకులో 38 వేలున్నాయి. వాటిని కదపకుండా ఒక యాప్‌లో 12 నెలలకు 24 శాతం వడ్డీకి లోన్ తీసుకోనా? లేదా బంగారం తాకట్టు పెట్టనా, పీఎఫ్ తీయనా?

జవాబు: వద్దండీ. ఉన్న డబ్బు ముట్టుకోకుండా అప్పు చేస్తే పొదుపు భద్రంగా ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను. నెలకు 6,619 చొప్పున కడితే వడ్డీయే 9,400 దాటుతుంది. 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్టీ వేస్తే మరో 2,478. దాదాపు 12 వేలు ఊరికే పోతాయి. పైగా అది సముద్రం. ఒడ్డునున్న మాల్వణ్ ఊరి నుంచి కోటకు వెళ్లే పడవలు వానాకాలంలో ఆగిపోతాయి, మిగతా రోజుల్లోనూ అలలు ఎక్కువైతే ఆపేస్తారు. ప్రయాణం వాయిదా పడొచ్చు, ఈఎంఐ మాత్రం తేదీకి వచ్చేస్తుంది.

నన్ను అంతకన్నా కలవరపెట్టేది ఆ 38 వేలు. మీ ఇంటికి అది ఒక నెల ఖర్చు కూడా కాదు! నా దగ్గరకు వచ్చే ఒకాయన, తండ్రిని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు అడ్వాన్సు 50 వేలు అడిగితే, ఆ కౌంటర్ దగ్గరే నిలబడి ఫోన్‌లో మూడో లోన్‌కి ఓటీపీ కొట్టారు. మొదటి రెండు లోన్లు టూర్‌కీ, టీవీకీ తీసుకున్నవి. ఆ ఈఎంఐలే లేకపోతే చేతిలో డబ్బుండేది. మీ అమ్మగారు ఆఫీసు హెల్త్ పాలసీలో ఉన్నారో లేదో ఇవాళే చూడండి.

శివాజీ 1664లో ఆ దీవి మీద కోట మొదలుపెట్టి 1667కి పూర్తి చేయించారు. చుట్టూ ఉప్పునీరే అయినా లోపల మూడు మంచినీటి బావులున్నాయి. పాలబావి, చక్కెరబావి, పెరుగుబావి అంటారు. బాబుకి చూపించండి. కోట ముట్టడిలో పడితే లోపలివాళ్లను బతికించేది ఆ నీళ్లే. ఇంటి అత్యవసర నిధి పనీ అదే.

లోన్‌కి కడదామనుకున్న 6,600ని ఈ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. బైక్ ఈఎంఐ 4,100 ఇంకో ఐదు నెలల్లో అయిపోతుందని రాశారు. అదీ ఇందులో కలపండి. పది నెలలకు ఇప్పుడున్న 38 వేలతో కలిపి లక్షా 24 వేలవుతాయి, అంటే మూడు నెలల ఖర్చు. ఆరు నెలలదీ ఉండాలి కానీ, ముందు ఇది పూర్తి కానివ్వండి. తర్వాతి మూడు నెలల 32 వేలు కోటకి. బంగారం తాకట్టు, పీఎఫ్ తీయడం గురించీ అడిగారు. రెండూ వద్దు.

32 వేలు సరిపోతాయా అంటారేమో. మీ 70 వేలలో 58 వేలు విమానాలకీ, రిసార్టుకే పోతున్నాయి. పడవ టిక్కెట్టు అందులో చిన్న ముక్క. కొంకణ్ రైల్లో వెళ్లి కుడాళ్ స్టేషన్‌లో దిగితే మాల్వణ్ ముప్పై కిలోమీటర్ల లోపే. ఊళ్లో హోమ్‌స్టేలో ఉండండి. వచ్చే ఏడాది డిసెంబరుకి, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి, అక్టోబరులోనే టిక్కెట్లు తీసుకోండి. సముద్రం బాగోలేకపోతే మర్నాడు వెళ్లేలా ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి.