అరకు ఘాట్ ఎక్కాలంటే కొత్త సైకిలు కొనాలా?

భీమిలి బీచ్ రోడ్డులో వారానికి నాలుగైదు రోజులు తొక్కుతున్నానని, ఈ చలికాలం శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కాలని ఉందని, అందుకు తేలికైన సైకిలు కొనాలా అని అడిగారు. కొనవద్దు. ఆ డబ్బులో చిన్న భాగంతో ఉన్న సైకిలుకే గేర్లు మార్పించుకోండి. నేనూ విశాఖలోనే ఉంటాను, కొన్నేళ్లుగా ఆ ఘాట్ మీదే సాధన చేస్తున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మనిషి, సైకిలు, నీళ్లు కలిపి 85 కిలోలు అనుకుందాం. వంద మీటర్ల దూరానికి 6 మీటర్లు లేచే వాలులో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి దాదాపు 150 వాట్ల శక్తి కావాలి. సైకిలు 2 కిలోలు తగ్గితే మిగిలేది 3, 4 వాట్లే. గొలుసు తిరిగే ముందు చక్రానికి 39 పళ్లు, వెనక చక్రానికి 25 పళ్లు ఉన్న గేరులో ఆ వేగానికి పెడల్ నిమిషానికి సుమారు 50 సార్లు తిరుగుతుంది. ముందు 34, వెనక 32 ఉంటే 75 సార్లు. ఖర్చయ్యే శక్తి ఒక్కటే, కానీ మొదటి గేరులో ప్రతి తొక్కుడుకీ కాలు వేయాల్సిన బలం ఒకటిన్నర రెట్లు. మోకాళ్లు అలసిపోయేది అక్కడే. మీ సైకిలు వెనక డెరైలర్ (గొలుసును ఒక పళ్లచక్రం మీద నుంచి మరోదాని మీదికి మార్చే భాగం) 32 పళ్ల చక్రాన్ని అందుకోగలదో లేదో మెకానిక్‌ను ముందే అడగండి.

ఇక సాధన. కైలాసగిరి ఎక్కి దిగడం మంచిదే. అయితే అది త్వరగా అయిపోతుంది, దిగేటప్పుడు కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. ఘాట్‌లో ఆ విశ్రాంతి ఉండదు. అందుకే బీచ్ రోడ్డులో ఎదురుగాలి వీచే రోజును వదులుకోకండి. సీటు మీద నుంచి లేవకుండా, తొక్కడం ఆపకుండా, ఒకే ఊపులో అరగంట, ముప్పావుగంట వెళ్లండి. చాలామంది విసుక్కునే ఆ గాలి నాకు కొండంత మేలు చేసింది.

శృంగవరపుకోట దాటి వాలు మొదలయ్యాక కాళ్లు ఇంకా అలసి ఉండవు, పక్కవాళ్లు ముందుకు వెళ్లిపోతుంటారు. వెళ్లనివ్వండి. ఊపిరి తెగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగం చాలు. ఆకలి వేసేదాకా ఎదురుచూడకుండా అరగంటకోసారి అరటిపండో, పల్లీపట్టీయో తినండి. నీళ్లలో ఓఆర్ఎస్ కలుపుకోండి.

ఒక సంగతి చాలామంది లెక్కలో వేసుకోరు. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, దారిలోని గాలికొండ అంతకంటే ఎత్తు. అంటే గాలికొండ దాటాక దిగుతారు, తిరిగి వచ్చేటప్పుడు అలసిన కాళ్లతో దాన్ని మళ్లీ ఎక్కాలి. కాబట్టి మొదటిసారి గాలికొండకు ముందే వచ్చే అనంతగిరి దాకా వెళ్లి వెనుదిరగండి. ఆ సాయంత్రం కాళ్లలో ఇంకా సత్తువ ఉందనిపిస్తే తర్వాతిసారి అరకు.

దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా నొక్కిపట్టవద్దు. చక్రం అంచును (రిమ్‌ను) పట్టి ఆపే రిమ్ బ్రేకులైతే ఆ అంచు వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. మలుపుకు ముందే రెండు బ్రేకులతో వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. ఎదురుగా వచ్చే బస్సులకు ఆ మలుపుల్లో రోడ్డంతా కావాలి, ఎడమ అంచు విడిచి లోపలికి రాకండి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచు దట్టంగా ఉంటుంది కనుక ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. జేబులో గాలిని ఆపే పలచని జాకెట్ కూడా పెట్టుకోండి, చెమటతో తడిసిన ఒంటితో దిగితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు సరిగా అందదు.