46 జీబీ బ్యాకప్ తిరిగి విప్పడానికి డిస్కులో ఎంత చోటు ఉండాలి?

మీరు అడిగింది ఇది: మిల్లులో లైనక్స్ సర్వరు చెడిపోయింది. ఎక్స్‌టర్నల్ డిస్కులో 46 జీబీ టార్ జీజిప్ (ఫైళ్లన్నిటినీ ఒకే కట్టగా చేసి కుదించిన) బ్యాకప్ ఒకటి మిగిలింది. అందులో మైఎస్‌క్యూఎల్ డంపు (డేటాబేసులో ఉన్నదంతా పాఠంగా రాసిన ఫైలు), కాటా చీటీల స్కాన్లు ఉన్నాయి. కొత్తగా కొన్న 240 జీబీ ఎస్ఎస్‌డీలో అదంతా పడుతుందా?

పట్టే అవకాశం బాగానే ఉంది. అయితే 46 అన్న అంకెను నమ్మి పని మొదలుపెట్టకండి. భీమవరం, పాలకొల్లు, తణుకు చుట్టుపక్కల మిల్లులకు, రొయ్యల మేత దుకాణాలకు, ఫోటో స్టూడియోలకు కంప్యూటర్ల పని చూస్తుంటాను. బ్యాకప్ ఉండి కూడా చోటు చాలక రెండు రోజులు కాటా ఆగిపోయిన మిల్లును చూశాను కనుక ఇంత వివరంగా రాస్తున్నాను.

కుదించిన ఫైలు సైజును బట్టి విప్పిన సైజు చెప్పలేం. పెళ్లి ఫోటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి స్టూడియోవాళ్ల 46 జీబీ బ్యాకప్ విప్పితే 47 అవుతుందేమో, అంతే. ఎస్‌క్యూఎల్ డంపు సంగతి వేరు. అవే మాటలు, అవే తేదీలు, అవే రైతుల పేర్లు వేలసార్లు వచ్చే పాఠం అది. ఐదో వంతుకో పదో వంతుకో తగ్గిపోతుంది. సోలెడు పాత బియ్యం, సోలెడు కొత్త బియ్యం ఒకేలా ఒదగవు కదా. మీ బ్యాకప్‌లో రెండు రకాలూ కలిసి ఉన్నాయి. అందుకే మొత్తాన్ని ఏదో ఒక అంకెతో గుణించి సరిపెట్టుకోవడం కుదరదు.

చాలామంది మొదట జీజిప్‌కు చిన్న ఎల్ ఆప్షన్ ఇచ్చి విప్పిన సైజు చూస్తారు. పాత వెర్షన్లలో అది పెద్ద ఫైళ్లకు తప్పు చెబుతుంది. జీజిప్ అసలు సైజును ఫైలు చివర 4 బైట్లలో రాసుకుంటుంది. ఆ 4 బైట్లలో 4 జీబీ దాటిన లెక్క పట్టదు, దాటిన ప్రతిసారీ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీ 46 జీబీ ఫైలుకు అది 3 జీబీ అని చూపించినా ఆశ్చర్యం లేదు. 2022లో వచ్చిన 1.12 వెర్షన్ నుంచి దీన్ని సరిచేశారు. ఇప్పుడది ఫైలంతా చదివి లెక్క చెబుతుంది, అందుకే ఆలస్యమవుతుంది.

మీ పనికి టార్ జాబితాయే మేలు. టార్‌కు టీ, వీ, జెడ్, ఎఫ్ అనే చిన్న అక్షరాలు ఇస్తే ఏమీ విప్పకుండా ప్రతి ఫైలు పేరు, సైజు చూపిస్తుంది. ఆ జాబితాను ఒక ఫైలులోకి పంపించి, సైజులుండే మూడో నిలువు వరుసను ఆక్ అనే లైనక్స్ కమాండుతో కూడండి. కూడేటప్పుడు డంపును, స్కాన్లను విడివిడిగా కూడండి, ఈ రెండు అంకెలతో తర్వాత పని ఉంది. 46 జీబీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి కాబట్టి సమయం పడుతుంది. ఒక లాభం కూడా ఉంది: ఆర్కైవు (ఆ కుదించిన బ్యాకప్ ఫైలు) మధ్యలో ఎక్కడైనా పాడైపోయి ఉంటే ఇప్పుడే బయటపడుతుంది. బ్యాకప్ జిప్ రకమైతే అన్‌జిప్ చిన్న ఎల్, 7-జిప్ అయితే దాని ఎల్ కమాండు చాలు. అవి క్షణాల్లో చెప్పేస్తాయి.

ఉదాహరణకు స్కాన్లు 38 జీబీ, డంపు 60 జీబీ అని తేలిందనుకుందాం. మొత్తం 98. 240లో ఇంకా బోలెడు మిగులుతుందనిపిస్తుంది. నేను చెప్పిన ఆ మిల్లులో జరిగింది అదే. నన్ను పిలిచే సమయానికి దిగుమతి సగంలో ఆగి, తెరమీద ‘టేబుల్ నిండిపోయింది’ అని కనిపిస్తోంది. వాళ్లు ఆ టేబులులో ఏదో లోపం ఉందనుకొని దాని వెంట పడ్డారు. నిజానికి నిండింది డిస్కు. ముందుగా ఆర్కైవును కొత్త డిస్కులోకి కాపీ చేశారు, అక్కడే విప్పారు, ఆ డంపును డేటాబేసులోకి ఎక్కించడం మొదలుపెట్టారు.

అదే పద్ధతిలో మీరూ చేస్తే లెక్క ఇలా ఉంటుంది. ఆర్కైవు కాపీ 46, విప్పిన ఫైళ్లు 98. డంపులో ఇండెక్సుల (త్వరగా వెతకడానికి డేటాబేసు పెట్టుకునే సూచికల) నిర్వచనాలు మాత్రమే ఉంటాయి, ఇండెక్సులు ఎక్కించేటప్పుడు తయారవుతాయి. కాబట్టి డేటాబేసు డంపుకంటే పెద్దది కావచ్చు, 75 అనుకోండి. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి బైనరీ లాగ్ (డేటాబేసులో జరిగే మార్పులు రాసుకునే చిట్టా) దానంతట అదే పనిచేస్తుంది. ఎక్కించిన డేటా అంతా అందులోనూ నమోదవుతుంది కాబట్టి అదీ ఇంచుమించు డంపంత అవుతుంది, ఇంకో 60. మొత్తం 279 జీబీ. మీ ఎస్ఎస్‌డీలో ఉన్నది 240 కూడా కాదు. కంపెనీ వెయ్యితో లెక్కకట్టిన 240, కంప్యూటర్ 1024తో లెక్కకడితే సుమారు 223. ఈఎక్స్‌టీ4 (లైనక్స్ వాడే డిస్కు ఫార్మాట్) అందులో 5 శాతాన్ని రూట్ (అడ్మిన్ ఖాతా) కోసం అట్టిపెడుతుంది. మిగిలేది 212.

పని పూర్తయ్యాక మిగిలే సైజును కాదు, పని మధ్యలో ఒకేసారి అన్నీ కలిసి డిస్కులో ఉండే ఆ గరిష్ఠ సైజును లెక్కపెట్టండి.

దాన్ని బాగా తగ్గించవచ్చు. ఆర్కైవును ఎక్స్‌టర్నల్ డిస్కులోనే ఉంచి అక్కడి నుంచే చదవండి. టార్‌కు పెద్ద ఓ ఆప్షన్ ఇస్తే డంపును డిస్కులో రాయకుండా నేరుగా మైఎస్‌క్యూఎల్‌లోకి పంపవచ్చు, దీన్నే పైపు చేయడం అంటారు. ఎక్కించే సెషన్‌కు బైనరీ లాగ్‌ను ఆపేయండి. ఆ సర్వరు నుంచి వేరే సర్వరుకు నకలు వెళ్తుంటే మాత్రం ఆపకండి. తర్వాత స్కాన్ల ఫోల్డరు ఒక్కటే విప్పండి. అప్పుడు కావలసింది 38, 75 కలిపి 113 జీబీ. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొంత పోయినా వచ్చే సార్వా, దాళ్వాల చీటీలకు చోటు మిగులుతుంది.

స్కాన్లను ఈ ఎస్ఎస్‌డీలో కాకుండా వేరే ఎక్స్‌టర్నల్ డిస్కులో పెడదామనుకుంటే దాని ఫార్మాట్ చూసుకోండి. 32 జీబీ దాటిన ఎక్స్‌ఫ్యాట్ డిస్కుల్లో మామూలుగా ఒక్కో ఫైలు కనీసం 128 కేబీ ఆక్రమిస్తుంది. 20 కేబీ చీటీలు 3 లక్షలుంటే అసలు డేటా 6 జీబీయే, ఆక్రమించేది మాత్రం సుమారు 39 జీబీ. ఈఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్ఎస్‌లలో మామూలుగా 4 కేబీ కాబట్టి ఈ బాధ ఉండదు.

ఇకనుంచి బ్యాకప్ తీసిన ప్రతిసారీ పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో విప్పిన మొత్తం సైజు, ఫైళ్ల సంఖ్య, డేటాబేసు ఇండెక్సులతో కలిపి ఎంతుందో రాసి ఉంచండి. సర్వరు బతికి ఉన్నప్పుడు, డేటాబేసు తన టేబుళ్ల వివరాలు ఉంచుకునే ఇన్ఫర్మేషన్ స్కీమాలో ఆ అంకె ఒక్క ప్రశ్నతో దొరుకుతుంది. ఇప్పుడు మీ దగ్గర అది లేదు కాబట్టే డేటాబేసుకు 75 అని నేను అంచనాతో రాశాను.

ముందు టార్ జాబితా తీయండి. డంపు సైజు, స్కాన్ల మొత్తం ఇక్కడ రాయండి, మీ నిజమైన అంకెలతో లెక్క మళ్లీ వేసి చెబుతాను. యూపీఎస్ లేకుండా మాత్రం ఎక్కించడం మొదలుపెట్టకండి. వానాకాలంలో మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో మీకు తెలుసు.