ఆసుపత్రిలో ఒక బీపీ, ఇంట్లో ఇంకో బీపీ

ప్రశ్న: డాక్టరుగారూ, ఆసుపత్రిలో చూస్తే నా బీపీ 150/94. ఇంట్లో మిషన్ పెట్టుకుంటే 128/80. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే కావచ్చండీ. తెల్లకోటు కనబడగానే బీపీ ఎగబాకడం మామూలే. అంతెందుకు, ఇంకో డాక్టరు ముందు చెయ్యి చాపితే నాకూ పెరుగుతుంది!

పైగా ఒకసారి బాగా ఎక్కువొచ్చిన అంకె రెండోసారి తనంతట తనే కాస్త దిగుతుంది. మందుల పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకూ బీపీ తగ్గినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

అయితే ఇంట్లో ఎలా చూసుకున్నారో మీరు రాయలేదు. ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, కాలు మీద కాలు వద్దు. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీదే చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కిందికి వేలాడితే అంకె పెరిగిపోతుంది. మాట్లాడకూడదు (చాలామందికి ఇదే కష్టం). నిమిషం ఆగి మళ్లీ చూడండి.

ఇలా పొద్దున, సాయంత్రం వారం పాటు రాసి, మొదటి రోజువి కొట్టేసి సగటు తీయండి. అది 135/85 (ఇంట్లో చూసుకున్నప్పుడు బీపీ ఎక్కువ అనడానికి హద్దు) దాటినా దాటకపోయినా ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి. మాత్రలు వాడుతుంటే ఈలోగా మానకండి.