ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేయిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీటెక్ సివిల్ చివరి సంవత్సరం చదువుతోంది. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేస్తానంటోంది. సాఫ్ట్‌వేర్‌కు పంపమని బంధువుల పోరు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కళ్యాణదుర్గం

జవాబు: చదివించండి. అయితే సీటు గేట్ (ఎంటెక్ ప్రవేశాలకు జాతీయ స్థాయి పరీక్ష) ద్వారా తెచ్చుకోమనండి. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, మీ మీద భారం తగ్గుతుంది. 2021 నుంచి ఈ సబ్జెక్టుకు గేట్‌లో విడిగా ఈఎస్ (ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్) పేపర్ పెట్టారు. సివిల్ పేపర్‌లోనూ ఇది ఒక భాగమే. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఈసారి సీటు రాకపోయినా టెన్షన్ పడొద్దు. రాష్ట్రంలోని కాలేజీలకు పీజీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష కూడా ఉంది. ల్యాబ్ సరిగా లేని కాలేజీలో లక్షలు పోసి చేర్పించడం మాత్రం వద్దే వద్దు.

గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఉద్యోగమే లక్ష్యమైతే బీటెక్ సివిల్ చాలు, ఎంటెక్ అక్కర్లేదు. మురుగునీటి శుద్ధి ప్లాంట్లు డిజైన్ చేసే కంపెనీలు, పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలు, పరిశోధన సంస్థలు ఎంటెక్ వాళ్లను తీసుకుంటాయి. తాడిపత్రి, ఎర్రగుంట్ల లాంటి చోట్ల సిమెంటు ఫ్యాక్టరీలకూ ఈ చదువున్నవాళ్లు కావాలి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులకంటే తక్కువే ఉండొచ్చు. ఆ సంగతి ఆమెతో ఇప్పుడే మాట్లాడండి.

ఎంటెక్‌లో అన్నిటికంటే ముఖ్యం థీసిస్, అంటే విద్యార్థి సొంతంగా చేసే పరిశోధన. అనంతపురం జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలియంది కాదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన ఊళ్లలో పిల్లలకు గారపళ్లు, పెద్దలకు ఎముకల జబ్బులు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ఏనాడో రూపొందించింది. కానీ ఫ్లోరైడ్‌తో నిండిన మడ్డి మిగులుతుంది, దాన్నెక్కడ వేయాలి? ఆర్‌ఓ ప్లాంటు పెడితే వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆ నీళ్లు ఊరి కాలువలోకే పోతాయి. తక్కువ ఖర్చుతో, కరెంటు లేకపోయినా నడిచే పద్ధతి మన పల్లెలకు కావాలి. మీ అమ్మాయి ఇలాంటి సమస్య మీద థీసిస్ చేస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఆమెకు నిజమైన పని ఉంటుంది.

దరఖాస్తు పెట్టేముందు మీ బోరు నీళ్లు సీసాలో పట్టి, జిల్లాలోని నీటి పరీక్షా ల్యాబ్‌కు ఆమెనే తీసుకెళ్లమనండి. పరీక్ష ఎలా చేస్తారో దగ్గరుండి చూడనివ్వండి. అక్కడ ఆమెకు ప్రశ్నల మీద ప్రశ్నలు వస్తే గేట్ కోచింగ్‌లో చేర్పించండి. విసుగొస్తే సివిల్‌లోనే వేరే బ్రాంచి గురించి మాట్లాడుకుందాం.