కాటా దగ్గర వరుస, కంప్యూటరులో లెక్క

ప్రశ్న: బుచ్చిరెడ్డిపాళెం దగ్గర మాకు రైసు మిల్లు ఉంది. కోతల రోజుల్లో వడ్ల ట్రాక్టర్లు కాటా దగ్గర చాలాసేపు నిలిచిపోతున్నాయి. రెండో కాటా వేయించాలని నాన్న అంటున్నారు. ఇలాంటి నిర్ణయాలకు సిమ్యులేషన్ మోడలింగ్ (జరిగే పనిని కంప్యూటరులో నమూనాగా నడిపి చూడడం) పనికివస్తుందని విన్నాను. బి.కాం. చదివిన నేను దాన్ని నేర్చుకోగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: తప్పక నేర్చుకోగలరు. అయితే సాఫ్ట్‌వేరుతో కాకుండా మీ కాటా చీటీలతోనే మొదలుపెట్టండి.

సగటు లెక్కలు వరుసల విషయంలో ఎంత మోసం చేస్తాయో ముందుగా గ్రహించాలి. తూకానికి సగటున 4 నిమిషాలు పడుతుందని, 5 నిమిషాలకొక బండి వస్తుందని అనుకుందాం. పైకి చూస్తే వరుసే ఉండకూడదు. కానీ బండ్లు వచ్చే వ్యవధి, తూకానికి పట్టే సమయం రెండూ బాగా హెచ్చుతగ్గులయ్యే పరిస్థితికి వాడే ప్రాథమిక సూత్రం ప్రకారం, ఒక్కో బండి సగటున 16 నిమిషాలు ఆగవలసి వస్తుంది. కాటా పనిలో ఉండే సమయం 80 శాతం నుంచి 90 శాతానికి పెరిగితే ఆ నిరీక్షణ 36 నిమిషాలవుతుంది. డెన్మార్కుకు చెందిన ఎర్లాంగ్ టెలిఫోన్ కాల్స్ రద్దీని లెక్కకట్టి 1909లో ప్రచురించిన పరిశోధనతో ఈ వరుసల శాస్త్రానికి పునాది పడింది.

మీ మిల్లుకు ఆ సూత్రం ఒక్కటే చాలదు. ప్రతి బండీ నిండు తూకానికి ఒకసారి, ఖాళీ తూకానికి ఒకసారి కాటా ఎక్కుతుంది. మధ్యలో తేమ పరీక్ష, హమాలీల దిగుమతి ఉంటాయి. దించే చోటు నిండిపోతే తూకం పూర్తయిన బండి కాటా మీదనే నిలిచిపోతుంది, అప్పుడు తప్పు కాటాదిగా కనిపిస్తుంది. అసలు ఇరుకు హమాలీల ముఠా దగ్గర ఉంటే రెండో కాటాకు పెట్టిన డబ్బు వృథాయే. ఇలా ఒకదానిపై ఒకటి ఆధారపడిన పనులను గడియారం ప్రకారం కంప్యూటరులో నడిపి చూడడమే సిమ్యులేషన్ చేసే పని.

కోతలు ముమ్మరంగా ఉన్న ఒక వారంపాటు ప్రతి బండి వచ్చిన వేళ, ప్రతి పని మొదలైన వేళ, ముగిసిన వేళ రాయించండి. ఆ తరువాత ఎక్సెల్‌లో యాదృచ్ఛిక అంకెలను ఇచ్చే ర్యాండ్ ఫంక్షన్‌తో యాభై బండ్లను వరుసగా నడిపించి చూస్తే విషయం చేతికి అందుతుంది. అది అర్థమయ్యాక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, అందులో ఇలాంటి మోడళ్ళు రాయడానికి ఉచితంగా దొరికే సిమ్‌పై లైబ్రరీకి వెళ్ళవచ్చు. సంభావ్యత, గణాంక శాస్త్రాల పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా వినవచ్చు. తెర మీద లారీల బొమ్మలు కదిలే ఖరీదైన సాఫ్ట్‌వేర్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ, నేర్చుకునేవారికి వాటితో తొందర లేదు.

ముందు ఉన్న మిల్లును ఉన్నట్టే నడిపి, మోడలు చూపే నిరీక్షణ మీరు రాసిన రిజిస్టరుతో సరిపోతున్నదో లేదో చూడండి. సరిపోకపోతే ముందుకు వెళ్ళవద్దు. సరిపోయాక మూడు దారులను పోల్చండి: రెండో కాటా, అదనపు ముఠా, రైతులకు ముందుగా వేళలు చెప్పే టోకెన్లు. ఒక్కొక్కదాన్ని కనీసం ముప్పైసార్లు, మూడింటికీ అవే బండ్ల రాకలు ఇచ్చి నడపాలి. నాన్నగారికి ఒకే అంకె చెప్పకుండా, మంచి రోజున ఎంత, గడ్డు రోజున ఎంత అన్నది ఖర్చుతో కలిపి చూపండి.